కొత్త రేవు పెలాగియా

పెలాగియాను, నన్ను ఒకే రోజు, ఒకే అరుగు మీద నిలబెట్టి అమ్మారు. నాకప్పుడు పన్నెండేళ్లు, దానికి తొమ్మిది. ఓడలో కొత్తగా దిగిన బానిసలమని గుర్తుగా ఇద్దరి పాదాలకూ సుద్ద పూసి ఉంది. మమ్మల్ని కొన్నది కాల్టిలియా అనే వితంతువు. ఓస్టియాలో నది రేవు పక్కనే ఆమెకు పూటకూళ్ల అంగడి ఉండేది. అమ్మగారు నా భుజాలు నొక్కి చూసి, “ఇది నీళ్లు మోస్తుంది” అన్నారు. తర్వాత పెలాగియా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, “దీని కళ్లు చూడండి!” అన్నారు. నాలో కుళ్లు ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే ఆ రోజు పేరే చెబుతాను.

అన్నట్టే నేను నీళ్లు మోశాను. పొయ్యి ఊదాను, గోధుమలు దంచాను, శనగలు ఉడకబెట్టాను. పెలాగియా అమ్మగారి మంచం కాళ్ల దగ్గర పడుకునేది. అమ్మగారు దాని తల తానే దువ్వేవారు. మైనపు పలక మీద అక్షరాలు దిద్దించారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే, “మోస్కిస్, మాడు వాసన వస్తోంది, వెళ్లి చూడు” అనేవారు. అక్కడ ఏదీ మాడేది కాదు.

అది మాత్రం నన్ను వదిలేది కాదు. నేర్చుకున్న అక్షరాలన్నీ పొయ్యి బూడిదలో రాసి చూపించేది. “అక్కా, ఇది నీ పేరు” అనేది. నేను కాలితో చెరిపేసేదాన్ని.

అమ్మగారు పోయినప్పుడు వీలునామాలో ఇద్దరికీ విడుదల రాశారు. అంగడి నాకు ఇచ్చారు. బట్టల పెట్టె, దంతపు దువ్వెన, వెండి అద్దం పెలాగియాకు ఇచ్చారు. రేవంతా నాదే అదృష్టమంది. నేను మాత్రం ఆ అద్దం గురించే ఏడ్చాను. అది ఎవరికీ తెలియదు.

జోసిమస్ సంగతి కూడా చెప్పాలి. అతను పడవవాడు. ఆ రోజుల్లో పెద్ద ధాన్యపు ఓడలు నదిలోకి రాలేక సముద్రంలోనే లంగరు వేసేవి. వాటి దగ్గరికి చిన్న పడవల్లో వెళ్లి బస్తాలు దింపుకొచ్చేవాళ్లలో అతనొకడు. పొద్దున్నే తడిసిపోయి వచ్చి, మా అంగడిలో గిన్నెలు అందించే రాతి గట్టు దగ్గర నిలబడేవాడు. అతని గిన్నెలో చేపల రసం ఒక గరిటె ఎక్కువే వేసేదాన్ని. అతను తింటూ నా భుజం మీదుగా లోపలికి చూస్తుండేవాడు. పొయ్యిని చూస్తున్నాడనుకున్నాను. మూడు నెలలు అలాగే అనుకున్నాను. పొయ్యి వెనక పెలాగియా గిన్నెలు కడుగుతూ పాడుకునేది.

వాళ్ల పెళ్లికి నేనే వండాను. అతను నా చేతులు పట్టుకుని, “వదినగారూ, మీ చెల్లెల్ని బంగారంలా చూసుకుంటాను” అన్నాడు. ఆ ‘వదినగారూ’ అన్న మాట చాలాకాలం నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

అప్పటికే కొత్త రేవు లేచింది. మా ఊరికి ఉత్తరాన, నది దాటి గంట నడిచే దూరంలో, ముసలి చక్రవర్తి సముద్రంలోకి రెండు రాతి చేతులు చాపించాడు. మధ్యలో ఒక పెద్ద ఓడను రాళ్లతో నింపి ముంచి, దాని మీద దీపస్తంభం కట్టించాడు. మా ఊళ్లో అందరూ నవ్వారు. “రెండేళ్లలో ఇసక పూడుస్తుంది” అన్నారు మంగలి కొట్లో. “మాది ఉప్పు పండించే ఊరు, రోము రాజుల నాటి ఊరు. నిన్న పుట్టిన ఆ బురదగుంట మాకు పోటీయా?” అన్నారు స్నానశాలలో. ఇసక పూడ్చలేదు. ఓడలు ఒక్కొక్కటిగా అటు తిరగడం మొదలుపెట్టాయి. నవ్వినవాళ్లే సాయంత్రాలు ఒడ్డున నిలబడి, మమ్మల్ని దాటి అటు వెళ్లే తెరచాపల్ని మెడలు సాచి చూసేవాళ్లు. ఊరంతా కడుపుమంటతో ఉంటే నా ఒక్కదాని మంట ఎవరి కంటా పడలేదు.

పెలాగియా, జోసిమస్ అక్కడికి వెళ్లి దీపస్తంభానికి ఎదురుగా అంగడి పెట్టారు. వెళ్లేముందు అది నన్ను అడిగింది.

“అక్కా, నువ్వూ రా. ఇద్దరం కలిసి నడుపుదాం. వంట నీది, గట్టు దగ్గర మాట నాది.”

“అంటే నేను వెనక పొగలో, నువ్వు ముందర నవ్వుతూ. అంతేగా?”

“అలా కాదక్కా...”

“పోవే. నీ దారిన నువ్వు పో.”

రెండేళ్లు తిరిగేసరికి నా గట్టు దగ్గర ఉప్పుమడుల కూలీలు తప్ప ఎవరూ లేరు. వాళ్లు మాట్లాడరు. తింటారు, గోక్కుంటారు, పోతారు. అప్పుడప్పుడూ బాల్బస్ అనే బస్తాల మోతగాడు వచ్చేవాడు. వాడు రెండు రేవుల్లోనూ పని చేసేవాడు. వాడి నోరు ఊరుకునేది కాదు.

“అక్కా, నిన్న మీ చెల్లెలి దగ్గర తిన్నాను. జావ అచ్చం నీదే!”

“నాదే అయితే ఇక్కడే తినొచ్చుగా. అంత దూరం నడిచావెందుకు?”

“ఇక్కడ జావ ఒక్కటే పోస్తావక్కా. అక్కడ దాని మీద ఒక నవ్వు కూడా పోస్తారు.”

చేతిలో ఉన్న గరిటె వాడి మీదికి విసిరాను. వాడు నవ్వుతూ పట్టుకుని గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమే అంగడి మూసేసి పట్టణ ద్వారం దగ్గర కూర్చునే రాతగాడి దగ్గరికి వెళ్లాను. ఉత్తరాలే కాదు, అతను శాపాలూ రాస్తాడని అందరికీ తెలుసు. అక్షరం రానిదాన్ని, ఇంకెవరి దగ్గరికి పోను?

అతను అరచేతి వెడల్పున్న సీసపు రేకు తీశాడు. “ఎవరి మీద?” అన్నాడు, భోజనంలో ఏం కావాలని అడిగినంత మామూలుగా.

“పెలాగియా. కొత్త రేవులో అంగడి పెట్టింది.”

“తల్లి పేరు?”

“ఏంటి?”

“తల్లి పేరు చెప్పాలమ్మా. పెలాగియాలు వందమంది ఉంటారు. పాతాళ దేవతలు ఏ పెలాగియా అని వెతుక్కుంటారు? ఫలానా తల్లి కన్న ఫలానా మనిషి అని రాయాలి.”

దాని తల్లి ఎవరో నాకు తెలియదు, దానికీ తెలియదు. నా తల్లి పేరు నాకూ తెలియదు. అరుగు మీద నిలబెట్టినవాడు మా మెళ్లో వేలాడదీసిన పలక మీద ఊరి పేరు, వయసు రాశాడు కానీ అమ్మ పేరు రాయలేదు.

“తెలియదు” అన్నాను.

“మీలాంటివాళ్లు చాలామంది వస్తారులే” అని అతను రాసుకుంటూ పోయాడు. రాసింది చదివి వినిపించాడు: “ఏ తల్లి కన్నదో ఆ తల్లి కన్న పెలాగియా. దాని అంగడి, దాని పొయ్యి, దాని మాట, దాని గుమ్మం తొక్కే ఓడవాళ్లు, వాళ్లను తెచ్చే ఓడలు, అన్నీ చల్లబడాలి, మునగాలి.” ఓడల మాట నేను చెప్పలేదు. అతనే కలిపాడు. “ఓడలు రాకపోతే మనుషులెలా వస్తారు?” అన్నాడు. తీసేయమని నేను అనలేదు.

రేకు చుట్టి, మేకు గుచ్చి, పట్టపగలు నదిలో పడేశాను. బట్టలు ఉతుక్కునే ఆడవాళ్లు చూశారు. చేప తలకాయేదో పారేసిందనుకుని ఉంటారు.

పద్దెనిమిది రోజులకు తుఫాను వచ్చింది.

రెండు రోజులు గాలి సముద్రం వైపు నుంచి కొట్టింది. మా ఇళ్ల పెంకులు ఆకుల్లా ఎగిరాయి. నది వెనక్కి పొంగి నా గుమ్మం దాకా వచ్చింది. మూడో రోజు పొద్దున గాలి తగ్గాక బాల్బస్ పరిగెత్తుకొచ్చాడు. వాడి నోట నవ్వు లేకపోవడం మొదటిసారి చూశాను.

“పోయాయక్కా. కొత్త రేవు లోపలే, గోడల మధ్యే. రెండొందల ఓడలంటున్నారు. ఒకదాన్నొకటి గుద్దుకుని... అక్కడ నీళ్లు కనబడట్లేదు, చెక్కలే.”

ఇంతకాలం ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. నాకు ముందు సంతోషం కలిగింది. భయం కాదు, జాలి కాదు. పొయ్యి మీద గిన్నె మరిగినట్టు ఒంట్లో వెచ్చగా ఏదో లేచింది. నా మాట వినేవాళ్లు ఎక్కడో ఒకరున్నారన్న సంతోషం. ఇద్దరిలో నన్ను ఎంచుకున్నారన్న సంతోషం.

మధ్యాహ్నానికి బతికినవాళ్లు మా ఊరికి రావడం మొదలైంది. కొత్త రేవులో పిండి తడిసిపోయింది, పొయ్యిలు ఆరిపోయాయి, తినడానికేం లేదు. నా అంగడి ముందు పాతరోజుల్లో లాగా జనం. ఆఫ్రికావాళ్లు, సిరియావాళ్లు, గ్రీకులు, దుప్పట్లు కప్పుకుని వణుకుతూ గిన్నెలు చాపుతున్నారు. నేను పెద్ద డేగిసా ఎక్కించాను. చేతులు ఆగలేదు. “తల్లీ” అని పిలుస్తున్నారు. ఎన్నాళ్లయింది ఆ పిలుపు విని!

అప్పుడు ఆ వరసలో పెలాగియా కనబడింది.

జుట్టు విడిపోయి ఉంది. ఒంటి మీద జోసిమస్ చొక్కా, మోకాళ్ల దాకా బురద. రెండు చేతుల్లో నా పొయ్యి మీదున్నంత పెద్ద ఖాళీ కుండ పట్టుకుని ఉంది. అందరినీ తోసుకుని రాలేదు. తన వంతు వచ్చేదాకా ఆగి గట్టు దగ్గరికి వచ్చింది.

“అక్కా, మా ఇంట్లో ముప్ఫై మంది పడి ఉన్నారు. లేచి నడవలేరు. ఈ కుండ నింపు.”

“గిన్నె ఉన్నవాళ్లకు గిన్నె. కుండలు నింపితే వెనకున్నవాళ్ల సంగతేంటి?”

“అక్కా...”

“పక్కకు నిలబడు. మిగిలితే చూద్దాం.”

పక్కకు నిలబడింది. నేను ఒక్కొక్కరికి పోస్తూనే ఉన్నాను. కావాలనే గరిటె నిండా ముంచాను. డేగిసా తొందరగా అయిపోవాలని. అడుగు కనబడింది. గీకి చివరి మనిషికి పోశాను. అప్పుడు దాని వైపు చూసి, “అయిపోయిందే” అన్నాను.

అది కుండ తలకెత్తుకుని తిరిగింది. అప్పుడు గోడకానుకుని తింటున్న ఒక ముసలి ఆఫ్రికావాడు లేచాడు. “పెలాగియా కదూ?” అన్నాడు. కుండ దింపించి, తన గిన్నెలో సగం అందులో పోశాడు. అతని వెనక ఇంకొకడు. ఆ వెనక ఇంకొకడు. ఆకలితో కళ్లు లోపలికి పోయిన మనుషులు వరసలో నిలబడి సగం సగం ఒంపారు. కొందరు దాని భుజం తట్టారు. “మొన్న మీ ఆయన మా తాడు పట్టుకున్నాడమ్మా” అన్నాడొకడు. అది తలూపింది.

నా అంగడి, నా గోధుమలు, నా జావ. పేరు దానిది. చివరికి నా గుమ్మంలో కూడా.

ఆ కుండ తలమీద పెట్టుకుని అది నది పడవ వైపు నడుస్తుంటే గట్టు మీది రాయి పీకి దాని వీపు మీదికి విసరాలనిపించింది. తలుపు మూసుకుని కూర్చున్నాను. ఏడుపు వచ్చింది కానీ అది జాలి వల్ల వచ్చింది కాదు.

మర్నాడు పొద్దున్నే డేగిసా నిండా వండి, గాడిద బండి మాట్లాడుకుని, నది దాటి కొత్త రేవుకు వెళ్లాను. నన్ను మంచిదాన్ని అనుకోకండి. ఆ ముప్ఫై మందీ నా చేతి వైపు చూడాలని, నన్ను ‘తల్లీ’ అనాలని వెళ్లాను. అది నిలబడి చూడాలని వెళ్లాను.

రేవు చూశాక ఆ ఆలోచన ఆగిపోయింది. బాల్బస్ చెప్పింది తక్కువే. తెరచాప కొయ్యలు చచ్చిన అడవిలా నీళ్లలోంచి పొడుచుకొచ్చి ఉన్నాయి. తడిసి ఉబ్బిన గోధుమల కంపు ముక్కులు పగలగొడుతోంది. గోడ మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని నీళ్ల వైపు చూస్తున్నారు. ఎవరూ ఏడవట్లేదు. ఆ వరసలో పెలాగియా ఉంది.

“జోసిమస్ ఏడే?” అన్నాను.

“ఓడలు గుద్దుకుంటుంటే మనుషుల్ని దింపడానికి పడవ తీశాడు. రెండుసార్లు వెళ్లొచ్చాడు. మూడోసారి వద్దన్నాను. ‘ఇదొక్కసారే’ అన్నాడు.” అది నీళ్ల మీంచి చూపు తిప్పలేదు. “నిన్న నీ దగ్గరికి వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. నీకు తీరిక లేదు.”

నేను దాని పక్కన కూర్చోలేకపోయాను. అంగడిలోకి వెళ్లి గిన్నెలు నింపాను. పడుకున్నవాళ్లు, “ఎవరు పంపారు?” అని అడిగారు. ఎవరో, “పెలాగియా వాళ్ల అక్క” అన్నారు. “పెలాగియా పుణ్యం” అని తిన్నారు. నా పేరు ఎవరూ అడగలేదు. ఆ క్షణంలో కూడా, అతను నీళ్లలో ఉన్నాడని తెలిసి కూడా, ఆ మాట నాకు గుచ్చుకుంది. మనిషిలో కుళ్లు ఎంత లోతుకు దిగుతుందో ఆ రోజు నాకు తెలిసింది.

నాలుగో రోజున దొరికాడు. దహనం అయ్యాక తొమ్మిదో రోజు దాకా నేను రోజూ బండిలో జావ తీసుకెళ్లాను. తొమ్మిదో రోజు కర్మ అయిపోయి అందరూ వెళ్లాక ఇద్దరమే మిగిలాం. అది శనగలు ఏరుతోంది. నేనిక ఆగలేకపోయాను.

“పెలాగియా, ఇదంతా నావల్లే. నీ మీద సీసం రేకు రాయించి నదిలో వేశాను. ఓడలు మునగాలని రాయించాను.”

అది తలెత్తి చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూసి బయటికి పారిపోవాలనిపించింది.

“నువ్వు రాయిస్తే సముద్రం లేచిందా? రెండొందల ఓడలు నువ్వు ముంచావా? అంత శక్తే ఉంటే నీ గట్టు మీద ఈగలు కాదు, మనుషులు వాలేవాళ్లు.”

“నిజంగా చెబుతున్నానే.”

“నాకు తెలుసు నిజమేనని.” ఏరుతున్న చేట పక్కన పెట్టింది. “ఆయన పేరు రాయించావా?”

“లేదు. ఒట్టు. నీ పేరే.”

“నా పేరెలా రాశాడు? మా అమ్మ పేరు అడుగుతారుగా. ఏం చెప్పావు?”

“తెలియదన్నాను. ‘ఏ తల్లి కన్నదో ఆ తల్లి’ అని రాశాడు.”

జోసిమస్‌ను గోడ మీద పడుకోబెట్టినప్పుడు అది ఏడవలేదు. చితి దగ్గర ఏడవలేదు. ఆ మాటకు ఏడ్చింది. మోకాళ్ల మీద తల పెట్టుకుని, తొమ్మిదేళ్ల పిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. నేను చెయ్యి వేయబోతే తోసేసింది.

“వెళ్లు, మోస్కిస్” అంది. అక్కా అనలేదు.

రెండేళ్లు అలాగే గడిచాయి. ఎదురుపడితే “మోస్కిస్, బాగున్నావా” అని సంత మనిషిని పలకరించినట్టు పలకరించేది. మునిగిన ఓడల కొయ్యలు తీసేశారు, కొత్త ఓడలు వచ్చాయి, దాని అంగడి మళ్లీ నిండింది. మా ఊరివాళ్లు కొన్నాళ్లు, “చూశారా, మేం ముందే చెప్పాం” అన్నారు. తర్వాత వాళ్లూ పనికోసం అటే నడిచారు. నేనూ దాని అంగడి ముందు నుంచి వెళ్లాల్సి వస్తే రెండో వీధిలోంచి తిరిగిపోయేదాన్ని. లోపల ఎంతమంది ఉన్నారో మాత్రం పక్క సందులోంచి చూసేదాన్ని.

మూడో ఏడు వేసవిలో నాకు బురదజ్వరం తగిలింది. ఉప్పుమడుల చెడుగాలికి ఆ ఏడు చాలామంది పోయారు. ఎన్ని రోజులు పడి ఉన్నానో తెలియదు. ఒక పొద్దున కళ్లు తెరిస్తే పొయ్యి వెలుగుతోంది. పెలాగియా గరిటె నాలిక మీద పెట్టుకుని మొహం చిట్లించింది.

“నీ ఉప్పు జాడీ ఎక్కడ దాచావక్కా? ఉప్పు పండే ఊళ్లో ఉప్పులేని జావ తాగుతావా?”

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. జాడీ ఎక్కడుందో వేలితో చూపించాను.

క్షమించానని అది ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా ఇద్దరం రెండు రేవుల్లో రెండు అంగళ్లు నడిపాం. గోధుమలు కలిసి కొన్నాం. మంచి బస్తా ఎవరికని ప్రతిసారీ పోట్లాడుకున్నాం. “నీకన్నీ కావాలి” అని నేను, “అంగడి ఎవరికి ఇచ్చారో గుర్తుందా?” అని అది. ఒకసారి ఆ మాట మీదే అడిగేసింది: “అమ్మగారు నా తల దువ్వారు. నీకు తాళాలిచ్చారు. తల ఎవరికైనా దువ్వుతారక్కా. తాళాలు ఎవరికిస్తారు?” ఇన్నేళ్లూ అది కూడా నన్ను చూసి ఏడ్చిందని నాకు అప్పుడు తెలిసింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. వారం రోజులు పాడుకుంటూ వండాను.

పోయిన చలికాలం అది పోయింది. నిద్రలోనే పోయింది. ఆ విషయంలో కూడా అదృష్టవంతురాలు. రెండు ఊళ్ల మధ్య దారి పక్కన, జోసిమస్ పక్కనే పెట్టాం. మోతగాళ్ల సంఘం జెండాతో వచ్చింది. పడవవాళ్లు పని ఆపి వచ్చారు. ఏ ఊరివాళ్లో తెలియని ఓడవాళ్లు, ఎప్పుడో ఒకసారి దాని దగ్గర తిన్నవాళ్లు వచ్చారు. దారి నిండిపోయి బళ్లు ఆగిపోయాయి. నేను ఏడుస్తూనే అంతమందినీ ఒక్కొక్కరిగా చూసుకున్నాను. రేపు నా వెనక వీళ్లలో సగం మంది కూడా రారని తెలుసు.

ముసలివాడైపోయిన బాల్బస్ కర్ర ఊతంగా నా పక్కకు వచ్చాడు. “ఏంటక్కా అంత తీక్షణంగా చూస్తున్నావు?”

“ఎవరెవరు వచ్చారో చూస్తున్నాను.”

“చూసి?”

“చూసి ఏముంది? ఒళ్లు మండుతోంది” అన్నాను. కొంగుతో మొహం తుడుచుకుని, వచ్చినవాళ్లకు గిన్నెలు అందించడానికి వెళ్లాను.